దండెం నీడ లేని ఆకాశం

ఐదేళ్ళ కిందట, ఆగస్టు రెండో వారంలో, హొసకోటె దాటాక పాత మద్రాసు రోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఒక నర్సింగ్ స్కూలు ఫోటోల పని మా స్టూడియోకి వచ్చింది. అప్పటికి నేను బెంగళూరు జయనగర్‌లోని ఆ స్టూడియోలో చీఫ్ రీటచర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. మాది పెళ్ళిళ్ళ స్టూడియో కాదు. మేం కట్టడాలు మాత్రమే తీసేవాళ్ళం: ఆఫీసులు, ఆసుపత్రులు, బొమ్మసంద్ర వైపు ఫ్యాక్టరీలు. మనుషులు ఫ్రేములోకి వస్తే పక్కకు జరగమనే ఏకైక స్టూడియో మాదేనని మా యజమాని ప్రకాశ్ నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఈ వృత్తిలో హోదాలు బయటివాళ్ళకు తెలియవు కాబట్టి రెండు మాటలు. ఫోటో తీసినవాడు ఫోటోగ్రాఫర్; అతని పేరు బొమ్మ కింద పడుతుంది. ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని దాన్ని చక్కదిద్దేవాళ్ళు రీటచర్లు. వాళ్ళ పేరు ఎక్కడా పడదు. జూనియర్ రీటచర్ దుమ్మూ మరకలూ తీస్తాడు. సీనియర్, వెనక్కి వాలినట్టు కనిపించే గోడల్ని నిలబెడతాడు, రంగులు సరిచూస్తాడు. ఆకాశం మీద చెయ్యి వేసే అధికారం, అంటే బొమ్మలోని ఆకాశాన్ని తీసేసి ఇంకో రోజు తీసిన ఆకాశాన్ని పెట్టడం, మాత్రం మా స్టూడియోలో చీఫ్‌కే ఉండేది. ఆ నియమం పెట్టింది నేనే. నగర్తపేటలో ఒక ఇరుకు మేడ మీద, ఫోటో కాగితం మీది తెల్ల చుక్కల్ని సన్న కుంచెతో పూడ్చే పనితో మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చినదాన్ని. నా నియమాలంటే నాకు కొంచెం గర్వం ఎక్కువే.

ఆ గర్వానికి ఒక కారణం ఉంది, దాన్ని ముందే చెప్పాలి. మా ఇంటి మిద్దె మీద నుంచి నేను చాలా ఏళ్ళుగా ఆకాశాన్ని ఫోటోలు తీస్తున్నాను. ఊరికే కాదు. నాలుగు దిక్కులూ విడివిడిగా, రకరకాల వేళల్లో తీసి, ప్రతిదానికీ ఒక చీటీ రాసేదాన్ని. ఏ దిక్కు, ఏ నెల, ఎన్ని గంటలు, ఏ లెన్సు. చివర్లో ఇంకొక వరుస: దండెం నీడ. మిద్దె మీద బట్టలారేసే దండెం కింద గచ్చు మీద గీతలాగా నీడ పడిందా లేదా అన్నది. నీడ పడితే ఆ ఆకాశం ఎండ కాసే కట్టడానికి పనికొస్తుంది. పడకపోతే, నీడలు లేని కట్టడానికే పనికొస్తుంది. ఇది తెలియకుండా ఆకాశం మార్చితే బొమ్మ అతికించినట్టే కనిపిస్తుంది. "మా విమలమ్మ మబ్బులకు కూడా జాతకాలు రాస్తుంది" అని ప్రకాశ్ వచ్చిన క్లయింట్లందరికీ చెప్పేవాడు. చెప్పనీ అని ఊరుకునేదాన్ని.

ఇక నర్సింగ్ స్కూలు సంగతి. దాన్ని కట్టించింది ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన క్రైస్తవ కుటుంబాలు నడిపే ఒక చిన్న ట్రస్టు. ఆర్కిటెక్టు శ్వేత. ముప్పై రెండేళ్ళ పిల్ల, సొంతంగా చేసిన మొదటి పెద్ద కట్టడం అది. గోడలన్నీ సాదరహళ్ళి రాయి. ఈ ఊరి చుట్టుపక్కల దొరికే లేత బూడిద రంగు రాయి అది. సిమెంటు పూత లేదు, రంగు లేదు. ఒక్కొక్క రాయినీ ఉలితో చెక్కి, ఆ ఉలి గాట్లు కనిపించేటట్టే పేర్చారు. ఆ పని చేయించిన మేస్త్రీ ఓబులేసు, కదిరి పక్కవాడు. తన ఊరి మనుషులతో అక్కడే రేకుల షెడ్డు వేసుకుని ఏడాదికి పైగా ఆ గోడలతోనే కాపురం చేశాడు.

ప్రకాశ్ రెండు రోజులు వెళ్ళి నాలుగు కోణాల నుంచి ఫోటోలు తీసుకొచ్చాడు. ఆగస్టులో బెంగళూరు ఆకాశం ఎలా ఉంటుందో ఇక్కడ ఉండేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అటు వానా కాదు, ఇటు ఎండా కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంజి నీళ్ళ రంగు. ఆ గంజి ఆకాశం కింద బూడిద రంగు రాయి. ఫోటోలు తెర మీద తెరిస్తే నర్సింగ్ స్కూలు సిమెంటు గోడౌనులాగా ఉంది. నిజం చెప్పాలంటే గోడౌనుకైనా ముందు లారీలుంటాయి.

మరుసటి రోజు శ్వేత స్టూడియోకి వచ్చింది. వెంట ఓబులేసు ఉన్నాడు. శ్వేత కన్నడం, ఇంగ్లీషు, తెలుగు కలిపి చెప్పిన విషయం సారాంశం ఇది. ట్రస్టు కమిటీ వానలో వచ్చి కట్టడం చూసింది. కార్యదర్శికి నచ్చలేదు. గోడలకు క్రీము రంగు, అంచులకు మెరూను వేయించాలంటున్నాడు. షేడ్ కార్డు కూడా తెప్పించాడు. సోమవారం కమిటీ సమావేశంలో తేల్చేస్తారు. అందులో మా ఫోటోలు చూపించడానికి ఆమెకు పావుగంట ఇచ్చారు.

రాయికి రంగు వేస్తే మళ్ళీ తియ్యలేరా అని అడిగాను. దానికి శ్వేత కాదు, ఓబులేసు జవాబిచ్చాడు.

"తీసేదానికి ఎట్లవుతాదమ్మా? రంగు ఉలి గాట్లలోకి దిగిపోతాది. మళ్ళీ గీకితే గాట్లే పోతాయి. ఇంగ ఆ రాయి దేనికీ పనికిరాదు. ఇన్నేళ్ళుగా రాయి చెక్కతా ఉండా, ఇట్లాంటి గోడ నాకు ఒక్కసారే దొరికిండాది."

ఆ మాట అని, సంచిలోంచి నీళ్ళ సీసా తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. శ్వేత కళ్ళు కిందికి దించుకుంది. కార్యదర్శి చెడ్డవాడు కాదని ఆమే చెప్పింది. పిల్లల్ని చేర్చడానికి పల్లెల నుంచి వచ్చే తల్లిదండ్రులు, పూత లేని గోడ చూసి సగంలో ఆగిపోయిన కట్టడం అనుకుంటారని అతని భయం. అందులో నిజం లేకపోలేదు. కానీ వేస్తే ఇక తిరుగులేని పని అది. ఆ గోడలు ఉండటమా పోవటమా అన్నది మా నాలుగు ఫోటోల మీదికి వచ్చి పడింది.

శనివారం సాయంత్రానికి ఫోటోలు కావాలి. మధ్యలో రెండు రోజులే. ప్రకాశ్ నా బల్ల దగ్గరికి వచ్చి, మంచి నీలం ఆకాశం వేసెయ్యి, తెల్లటి మబ్బులు నాలుగు పడితే రాయి తళతళలాడుతుందన్నాడు. బొమ్మసంద్ర ఫ్యాక్టరీల కేటలాగులకు ఇరవై ఏళ్ళుగా మేం చేసింది అదే. రేకుల షెడ్డుకు నీలం ఆకాశం వేస్తే యజమానులు మురిసిపోయేవారు.

నా చీటీలు వెతికాను. నీలం ఆకాశాలు బోలెడున్నాయి. అన్నింటి కిందా ఒకటే మాట: దండెం నీడ ఉంది. ప్రకాశ్ తీసిన ఫోటోల్లోనేమో నీడ అన్నది లేదు. ఆ రెంటికీ పొసగదని నాకు తెలుసు. తెలిసీ చేశాను. అప్పటికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నొక్కుతో ఆకాశం మార్చే సౌకర్యం కొత్తగా వచ్చింది. దానితోపాటు తయారుగా ఉన్న కొన్ని ఆకాశాలూ వచ్చాయి. ఎక్కడివో, ఎవరు తీశారో తెలియదు; చీటీ లేదు కాబట్టి నీడ సంగతి గుర్తుచెయ్యవు. వాటిలో ఒకటి బాగుంది. పెద్ద తెల్ల మబ్బు, దాని ఎడమ కొసన తెగి పడినట్టు ఒక చిన్న ముక్క. పడమటి గోడ కనిపించే మొదటి ఫోటోకి అది వేశాను. ఉత్తరపు గోడ కనిపించే రెండో ఫోటోకి అంత బాగున్న మరో ఆకాశం దొరకలేదు. టైము అయిపోతోంది. అదే ఆకాశాన్ని ఎడమ కుడి తిప్పి, కాస్త పెద్దది చేసి పెట్టేశాను. తిప్పితే ఎవరికి తెలుస్తుంది? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తిప్పిన మబ్బును నేను కొత్త మబ్బనే అనుకున్నాను. ఇదే పని ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ళ ఫైలు వెనక్కి పంపేదాన్ని.

సోమవారం సమావేశానికి ప్రొజెక్టరు చూసుకోవడానికి నేనూ వెళ్ళాను. క్లయింటు ముందుకు రీటచర్ వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ కాదు. ప్రకాశ్‌కి వేరే చోట షూటింగ్ ఉండటంతో నన్ను పంపాడు. కమిటీలో ఏడుగురు. ఉపాధ్యక్షురాలు గ్రేసమ్మ గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రుల్లో ముప్పై అయిదేళ్ళు పనిచేసి నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. తెల్ల చీర, మెడలో తాడుతో వేలాడే కళ్ళద్దాలు. ఓబులేసు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మొదటి ఫోటో పడగానే ఒకరిద్దరు "బాగుందే" అన్నారు. రెండోది పడింది. కార్యదర్శి కూడా తల ఊపుతున్నాడు. శ్వేత నా వైపు చూసి చిన్నగా నవ్వింది. అప్పుడు గ్రేసమ్మ గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"మొదటిది మళ్ళీ వెయ్యమ్మాయ్."

వేశాను.

"ఇప్పుడు రెండోది."

వేశాను. ఆవిడ లేచి తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించారు. "ఈ మబ్బుకి మొదటి దాంట్లో ఎడమ పక్క ముక్క ఊడి ఉంది. ఇందులో అదే ముక్క కుడి పక్కకి వచ్చింది. దీన్ని తిప్పి పెట్టారు కదమ్మా? ఎక్స్‌రే ఫిల్ము తిరగేసి పెడితే గుండె కుడి పక్కకి వస్తుంది. డాక్టరు గారి చేతికి ఇచ్చే ముందు పక్క చూసి ఇవ్వడం మా డ్యూటీ. ఉద్యోగమంతా అదే చేశాను, నాకు తెలీదా!"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు అంటారు. ఆ తల తన్నే మనిషి తెల్ల చీరలో వస్తుందని నేను అనుకోలేదు. కార్యదర్శి నెమ్మదిగానే అన్నాడు, ఆకాశమే అబద్ధమైతే గోడ నిజమని ఎలా నమ్మేదని. ఆ రాయి నిజంగా బాగుంటే ఇంత వేషం దేనికి, రంగు విషయం ఇప్పుడే తేల్చేద్దాం అన్నాడు. ఏడాది పైగా కట్టిన గోడ నా ఒక్క నొక్కుతో కూలిపోయేటట్టుంది.

నేను లేచి నిలబడ్డాను. ఉద్యోగంలో అంతకుముందెప్పుడూ క్లయింటు సమావేశంలో నోరు తెరవలేదు. ఆ మబ్బు ఈ ఊరిది కాదని, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందని చెప్పాను. దాన్ని తిప్పి పెట్టింది నేనే, ఆర్కిటెక్టుకు ఆ సంగతి తెలియదని చెప్పాను. గోడలో మాత్రం ఒక్క రాయిని కూడా ముట్టుకోలేదు, అసలు ఫైళ్ళు నా దగ్గర ఉన్నాయి, ఇప్పుడే చూపిస్తానన్నాను. చూపించాను కూడా. గంజి ఆకాశం కింద గోడౌను. కార్యదర్శి చేతులు చాపి, చూశారా అన్నట్టు అందరి వైపూ తిరిగాడు.

గ్రేసమ్మ గారు కూర్చున్నారు. "వార్డులో తప్పు చేసిన నర్సుని నేనెప్పుడూ తీసేయలేదు. దాచినదాన్నే తీసేశాను. ఈవిడ ఒప్పుకుంది. ఒక వారం ఇద్దాం. అమ్మాయ్, ఈసారి నీ ఆకాశం ఏ పక్కదో అడిగితే చెప్పాలి నువ్వు" అన్నారు.

బయటికి వచ్చాక ఓబులేసు పక్కకు పిలిచాడు. "అమ్మా, ఇంగొకటి ఉండాది. కిటికీ పైన సజ్జ ఉండాది కదా. అంత ఎండ కాస్తా ఉంటే సజ్జ కింద నీడ పడాల గదా? మీ బొమ్మలో లేదు. మొదటి బొమ్మ పడినప్పుడే చూసినా. చెప్తే మీకు ఇబ్బంది అని గమ్మునుంటి." చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది. నేను ఏళ్ళ తరబడి చీటీల్లో రాసుకుంటున్న మాట అది. రాసుకున్న నేనే మరిచి తిరుగుతుంటే, రాయి చెక్కేవాడు గుర్తు పెట్టుకున్నాడు.

ప్రకాశ్‌కి విషయం చెప్పాను. కోప్పడతాడనుకున్నాను, పడలేదు. రంగు వేసిన గోడ ఎంత వెలవెలబోతుందో కంప్యూటరులో వేసి కమిటీకి చూపిద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా నియమాల్లో ఇంకా చెడగొట్టకుండా మిగిలింది, కట్టడాన్ని ముట్టుకోకూడదన్నది ఒక్కటే.

గురువారం శ్వేతతో కలిసి హొసకోటె వెళ్ళాను. ప్రకాశ్‌కి ఒక మంచి అలవాటు ఉండేది. కెమెరా స్టాండు పెట్టిన చోట నేలలో ఒక మేకు దిగ్గొట్టి, దానికి ఎర్ర దారం కట్టి వచ్చేవాడు. మేకులు నాలుగూ దొరికాయి. ఒక్కొక్క చోటా నిలబడి దిక్సూచి పెట్టి కెమెరా ఏ దిక్కు చూసిందో రాసుకున్నాను. పడమటి గోడ తీసిన మేకు దగ్గర నిలబడితే చూపు సరిగ్గా తూర్పుకు. ఆకాశం ఆ రోజు కూడా గంజే. గోడ దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమాను. ఉలి గాట్లు వేళ్ళకు తగులుతున్నాయి కానీ కళ్ళకు ఆనడం లేదు.

వెనక్కి తిరిగి వస్తుంటే ఓబులేసు షెడ్డు కనిపించింది. వాన జల్లు పడకుండా ఒక పక్కంతా నల్ల పట్ట కట్టారు. దాని ముందు మిగిలిపోయిన రాళ్ళు అయిదారు నిలబెట్టి ఉన్నాయి. గోడలోని రాయే అది, అదే వెలుతురు. కానీ నల్ల పట్ట ముందు ఆ రాళ్ళు తెల్లగా, అప్పుడే కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. ప్రతి గాటూ విడివిడిగా కనిపిస్తోంది. అక్కడే నిలబడిపోయాను. శ్వేత ఏమైంది మేడం అంటోంది. నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఏ కట్టడం వచ్చినా నీలం, నీలం అని వెతికాను. ఈ రాయికి నీలం శత్రువు. దానికి కావలసింది నల్ల మబ్బు.

స్టూడియోకి వచ్చి నా చీటీలు తెరిచాను. తూర్పు దిక్కు, సాయంత్రం, దండెం నీడ లేదు. మూడు దొరికాయి. రెండింట్లో మబ్బు పలచన. మూడోది మే నెలది, సాయంత్రం అయిదు గంటలకు తీసినది. ఈ ఊళ్ళో ఎండాకాలం వానలు సాయంత్రం పూట తూర్పు నుంచే కమ్ముకొస్తాయి. కింద ముదురు నీలి నలుపు, పైకి పోయేకొద్దీ సీసం రంగు. చీటీ చివర నా రాతలోనే ఉంది: "పడమట పలచని మబ్బు వెనక సూర్యుడు. దండెం నీడ లేదు." అంటే గోడ మీద మెత్తటి వెలుతురు, వెనక కారు మబ్బు. ప్రకాశ్ ఫోటోలోని గోడకు కావలసిన ఆకాశం అచ్చంగా అదే. ఆ చీటీ పట్టుకుని చిన్నపిల్లలాగా ప్రకాశ్ గదిలోకి పరుగెత్తాను. జాతకం కుదిరిందన్నాను.

పని వివరంగా చెబుతాను, కొందరికైనా ఆసక్తి ఉంటుంది. ఒక్క నొక్కు సౌకర్యం జోలికి పోలేదు. ముందు గోడ అంచు వెంట గీత గీసి కట్టడాన్ని ఆకాశం నుంచి వేరు చేశాను. రాతి అంచు కాబట్టి అది సులువు. కష్టం ఎప్పుడూ చెట్లతోనే. ఫోటోలో కుడి పక్క ఒక సిల్వర్ ఓక్ చెట్టు ఉంది. దాని సన్న ఆకుల సందుల్లో పాత ఆకాశం తెల్లగా మిగిలిపోతుంది. ముదురు మబ్బు పెడితే ఆకులకు సున్నం పూసినట్టు అంచులు తేలతాయి. ఇక్కడ గంజి ఆకాశమే నన్ను ఆదుకుంది. పాత ఆకాశం దాదాపు తెలుపు కాబట్టి, చెట్టు ఉన్న మేరకు కొత్త మబ్బును మల్టిప్లై అనే పద్ధతిలో పైన పరిచాను. ఆ పద్ధతిలో తెల్లగా ఉన్న చోట కొత్తది దిగుతుంది, నల్లగా ఉన్నది నల్లగానే ఉండిపోతుంది. ఒక్క ఆకు కూడా చెడలేదు.

తర్వాత కిటికీ అద్దాలు. కొత్తవాళ్ళు ఇక్కడ తప్పు చేస్తారు. వెనక నల్ల మబ్బు పెట్టాం కదా అని అద్దాల్లోనూ అదే మబ్బు దింపుతారు. కానీ అద్దంలో కనిపించేది కట్టడం వెనక ఉన్న ఆకాశం కాదు, కెమెరా వెనక ఉన్న ఆకాశం. కెమెరా తూర్పు చూస్తుంటే అద్దంలో పడమర ఉంటుంది. పడమట పలచని మబ్బని నా చీటీ చెబుతోంది. కాబట్టి అద్దాల్ని ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను. మార్చవలసింది ఇంకొకటి ఉంది. గోడ ముందు వాన నీళ్ళు నిలిచిన చిన్న మడుగు. అందులో కనిపించేది ఎదుటి ఆకాశమే. కొత్త మబ్బును తలకిందులు చేసి, కాస్త ముదురు చేసి అందులో పెట్టాను. ఆకాశాన్ని తిప్పడానికి రీటచర్‌కి హక్కున్న చోటు ఆ నీళ్ళ మడుగొక్కటే.

మిగతా మూడు ఫోటోల్లో రెండింటికి వాటి వాటి దిక్కుల మబ్బులు దొరికాయి. నాలుగోదానికి సరిపడేది నా దగ్గర లేదు. దాన్ని గంజి ఆకాశంతోనే వదిలేశాను.

వారం తిరిగి సోమవారం వచ్చింది. ఈసారి ప్రకాశ్ కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. ముందు అసలు ఫోటో వేసి, ఇది ఆగస్టు నెల అన్నాను. తర్వాతది వేశాను.

కారు మబ్బు ముందు ఆ గోడ లేచి నిలబడింది. రాయి వెండిలా ఉంది. కింది వరస నుంచి పై వరస దాకా ఉలి గాట్లన్నీ లెక్కపెట్టుకోవచ్చు. కిటికీ అద్దాలు పడమటి వెలుతురును పట్టుకుని ఉన్నాయి. మడుగులో మబ్బు తలకిందులుగా ఉంది. కార్యదర్శి ముందుకు వంగి చూస్తున్నాడు. వెనక నుంచి ఓబులేసు గొంతు వినిపించింది, మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు: "అదీ నా గోడ."

గ్రేసమ్మ గారు కళ్ళద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి నడిచారు. మబ్బంతా చూశారు. మడుగు చూశారు. నా వైపు తిరిగారు.

"ఏ పక్క?"

"తూర్పు" అన్నాను.

"ఎప్పటిది?"

"మే నెల, సాయంత్రం అయిదు. మా మిద్దె మీద నుంచి నేనే తీశాను."

"గోడ మీద ఎండెందుకు లేదు?"

"పడమట పలచని మబ్బు ఉంది. ఆ రోజు దండెం నీడ పడలేదు." చీటీ ఆవిడ చేతికిచ్చాను. చదివి కార్యదర్శికి ఇచ్చారు. అతను రెండుసార్లు చదివాడు. నాలుగో ఫోటో ఎందుకు మార్చలేదని అడిగాడు. దానికి సరైన ఆకాశం నా దగ్గర లేదన్నాను. అప్పుడే అతని ముఖం కాస్త మెత్తబడింది. మార్చినవాటిని నమ్మడానికి మార్చనిది అతనికి సాక్ష్యమైనట్టుంది.

"మే నెల్లో డ్యూటీ దిగి గేటు బయటికొచ్చేసరికి తూర్పున ఇట్లాగే కమ్ముకునుండేది. బస్సు అందుతుందో లేదోనని పరుగెత్తేవాళ్ళం" అన్నారు గ్రేసమ్మ గారు. కమిటీ వైపు తిరిగి, "ఇది తిప్పిన ఆకాశం కాదు. గోడకి ఏ లోపమూ లేదు. మనం ముసురు పట్టిన రోజు చూశాం, అంతే. రంగు వద్దు" అన్నారు.

చేతులెత్తించారు. ఏడుగురిలో ఆరు చేతులు లేచాయి. ఒక్క క్షణం ఆగి కార్యదర్శి కూడా ఎత్తాడు. ఈ ఫోటోనే ప్రాస్పెక్టసు అట్ట మీద వేద్దామని ప్రతిపాదించింది కూడా అతనే. శ్వేత నా చెయ్యి పట్టుకుని వదలలేదు. ఉద్యోగంలో ప్రశంసాపత్రాలు కొన్ని అందుకున్నాను కానీ, వాటిలో ఏదీ ఆ రోజు కమిటీ గది మెట్లు దిగినంత సంతోషాన్ని ఇవ్వలేదు. ఎగిరి గంతేయలేదంటే నా మోకాళ్ళ మీద గౌరవంతోనే. ముందే దిగిన ఓబులేసు కింద ఎదురుచూస్తున్నాడు. "గెలిచినాం కదమ్మా" అన్నాడు. గెలిచాం అన్నాను.

తర్వాతి మే నెలలో, నేను స్టూడియోలో ఉండగా సాయంత్రం పూట ఓబులేసు నుంచి ఫోను వచ్చింది. పక్కనే కాంపౌండు గోడ పనికి వచ్చాడట. గాలి హోరులో అరుస్తున్నాడు. "అమ్మా, మీ మబ్బు వచ్చి ఉండాది! అప్పుడు బొమ్మలో చూపించినారే, అదే! ఇప్పుడే ఫోన్లో తీసి పంపిస్తా చూడండి."

ఎర్ర దారం మేకు ఎక్కడుందో అతనికి గుర్తుంది. సరిగ్గా అక్కడే నిలబడి తీశాడు. ఆ ఫోటోని తెర మీద తెరిచి, పక్కన నా ఫోటో పెట్టాను. తూర్పున కింద నీలి నలుపు, పైన సీసం రంగు, దాని ముందు వెండి గోడ. సజ్జల కింద నీడ లేదు. అద్దాల్లో పడమటి తెలుపు. ప్రకాశ్‌ని పిలిచి చూపిస్తే, ఏది నీది ఏది ఓబులేసుది అని అడిగాడు. దాన్ని గ్రేసమ్మ గారికి పంపాను. అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఇది కూడా తిప్పలేదు కదా?"

ఫోటోలో ఆకాశం మార్చడం తప్పా అని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. తప్పు కాదు. ఆ కట్టడం మీదికి ఏదో ఒక రోజు నిజంగా రాగల ఆకాశాన్ని పెట్టాలి, అంతే. ఏ దిక్కు, ఏ వేళ, నీడ ఉందా లేదా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేని ఆకాశాన్ని ఆ తర్వాత నేను వాడలేదు. మన నియమం మనం తప్పిన రోజున, దాన్ని పట్టుకునేది ఫోటోలు తెలిసినవాళ్ళే కానక్కర్లేదు. ఎక్స్‌రేలు చూసినవాళ్ళు పట్టుకుంటారు, రాయి చెక్కేవాళ్ళు పట్టుకుంటారు. ఆ గోడకు ఈరోజు వరకూ రంగు పడలేదు.